మా అమ్మ పుట్టినరోజు, సర్వే నంబరు అన్నీ ఫోన్‌లో చదివాడు. ప్రభుత్వం దగ్గరున్న వివరాలు బయటికి పోతే మనం ఏం చెయ్యాలి?

గోదారిగట్టు_పిల్ల

మొన్న మంగళవారం పొద్దున్నే మా అమ్మకి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి అమ్మ పూర్తి పేరు, చనిపోయిన మా నాన్న పేరు, అమ్మ పుట్టిన తేదీ, మా రెండెకరాల సర్వే నంబరు, ఆధార్‌లో చివరి నాలుగంకెలు వరసగా చదివాడట. చదివి, "మీ పథకం డబ్బు ఆగిపోయిందమ్మా, ఇప్పుడు మెసేజ్‌లో వచ్చే నంబరు చెప్పండి" అన్నాడు. అమ్మకి అనుమానమేమీ రాలేదు. కళ్లజోడు కనపడక ఫోన్ నా చేతికిచ్చింది, అంతే. జోడు చేతికి అందుబాటులో ఉండి ఉంటే చెప్పేసేది.

నేను కట్ చేశాను. గురువారం పేపర్లో వార్త వచ్చింది, మేము రెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టుకున్న ఒక ప్రభుత్వ సంస్థ సర్వర్ నుంచి దరఖాస్తుదారుల వివరాలు బయటికి పోయాయని. ఆఫీసుకి ఫోన్ చేస్తే "మాకు పైనుంచి ఏ సమాచారమూ లేదు" అన్నారు. మా అమ్మ వివరాలు అందులో ఉన్నాయో లేదో చెప్పేవాళ్లే లేరు. ఆ దరఖాస్తుకి ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, భూమి పత్రం జత చేశాం. వాటి మీద వేలిముద్రలు కూడా ఉన్నాయి.

ఆధార్ నంబరు మార్చుకోవచ్చా? ఖాతా మూసేసి కొత్తది తెరవాలా? మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది, నేను కాకినాడలో ఉద్యోగం. తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు_మొలగొలుకులు

ఓటీపీ చెప్పలేదు కదా. ఇక భయమెందుకండీ, వదిలెయ్యండి. మన వివరాలు ఎప్పుడో బయట పడ్డాయి అందరివీ.

సీతాఫలం_మండి

మొలగొలుకులు గారూ, అలా అనకండి. ఓటీపీ లేకుండానే డబ్బు తీసే దారి ఒకటుంది, చాలామందికి తెలియదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఈ మూడూ ఉంటే చాలు, ఏ ఊళ్లో ఉన్న మిషన్‌లోనైనా డబ్బు తీయొచ్చు. దాన్నే ఏఈపీఎస్ అంటారు. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఊళ్లలో కిరాణా కొట్టు పక్కన చిన్న మిషన్ పెట్టుకుని డబ్బులిస్తారు చూడండి, అదే. మంచి సౌకర్యమే, పదిహేను కిలోమీటర్లు బస్సెక్కి బ్యాంకుకి పోయే పని తప్పింది.

మా మామగారి ఖాతాలో వరసగా మూడు రోజులు పదేసి వేలు పోయాయి. ఆయన ఊరు దాటలేదు. పాత బటన్ ఫోన్, మెసేజ్ వచ్చినా చూడరు. పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటే తెలిసింది. "వేలిముద్ర మీదే పడింది, మీరే తీసుకుని మర్చిపోయారు" అని కౌంటర్లో చెబితే ఆ పెద్దాయన నలుగురి ముందూ తలదించుకుని వచ్చేశారు. డబ్బు కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

నల్లరేగడి

ఇది మనకు కొత్త కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల షాపతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దింపుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. ఆయన ఏ సర్వర్‌నూ బద్దలు కొట్టలే. దస్తావేజు అందరికీ కనిపించేటట్టు పెట్టింది సర్కారే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం. వేలు పోతే ఏం మార్చుకుంటం?

గోదారిగట్టు_పిల్ల

చదువుతుంటే గుండె దడ పుడుతోంది. అమ్మ ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఒకటుందని విన్నాను. అది చేసేస్తే సరిపోతుందా? మరి ఒకటో తారీకు పింఛను ఎలా? దానికి వేలు పెట్టాలి కదా.

సచివాలయం_మెట్లు

అసలు ప్రశ్న ఇది. నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తాను, ఒకటో తారీకు ఇల్లిల్లూ తిరిగి పింఛన్లు ఇచ్చేది మేమే. చెబుతాను వినండి.

బయోమెట్రిక్ లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ ఆగిపోతాయి. ఓటీపీ మాత్రం పనిచేస్తుంది. మీరు చదువుకున్నవారు, ఫోన్ చేతిలో ఉంటుంది, మీకు లాక్ మంచిదే. అవసరమైనప్పుడు ఆధార్ యాప్‌లో గానీ మైఆధార్ పోర్టల్‌లో గానీ పది నిమిషాలు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు, తర్వాత దానంతటదే మళ్లీ పడిపోతుంది. అమ్మగారికి మాత్రం చెయ్యకండి. పోయిన ఏడాది మా పరిధిలో ఒకబ్బాయి హైదరాబాద్ నుంచి వాళ్ల నాన్నకి లాక్ చేసి ఎవరికీ చెప్పలేదు. ఒకటో తారీకు నేను ఆ పెద్దాయన వేళ్లు పదీ పెట్టించాను, కళ్లు పెట్టించాను, ఏదీ తీసుకోలేదు. ఆయన తన వేళ్లే అరిగిపోయాయనుకుని ఏడ్చారు. రేషన్ దగ్గరా అదే కథ.

అమ్మగారి విషయంలో అసలు పని బ్యాంకులో చేయించాలి. ఆ ఖాతా మీద ఏఈపీఎస్‌తో డబ్బు తీయడం ఆపమని రాసివ్వండి. పింఛను మేం చేతికిచ్చే నగదు, దానికి మేం తీసుకునే వేలిముద్రకీ బ్యాంకు ఖాతాలో డబ్బు తీయడానికీ సంబంధం లేదు. ఖాతా వైపు తలుపు మూస్తే చాలు, పింఛను ఆగదు.

కౌంటర్_నెం_3

మెట్లు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇరవై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఒక్కటి కలుపుతాను. ఏఈపీఎస్ ఆపడం వేరు, ఖాతాకి ఆధార్ లింకు తీసేయడం వేరు. బ్రాంచిలో హడావుడిలో ఉన్న కుర్రవాళ్లు ఒక్కోసారి రెండోది చేసేస్తారు. అప్పుడు గ్యాస్ సబ్సిడీ, రైతు డబ్బు ఏదీ ఆ ఖాతాలో పడదు. కాబట్టి మాట స్పష్టంగా రాయాలి.

ఖాతా మూసి కొత్తది తెరవడం వల్ల లాభం లేదమ్మా. కొత్త ఖాతాకీ అదే ఆధార్ లింకు చేస్తారు, ఏఈపీఎస్‌కి కావలసింది ఖాతా నంబరు కాదు, ఆధారూ బ్యాంకు పేరూ. ఆధార్ నంబరు కూడా మార్చరు.

సీతాఫలం గారూ, మీ మామగారి డబ్బు వచ్చిందా? రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక ఇంకెక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద రూపాయి భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత పరిమితి వరకు పడుతుంది. ఫిర్యాదు చేసిన పది పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తం ఖాతాలో వెయ్యాలి. ఖాతాదారే తీశాడని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే. కౌంటర్లో ఆ మాట అన్న మనిషి ఈ సర్క్యులర్ చదివి ఉండడు.

సీతాఫలం_మండి

వచ్చిందండీ, పూర్తిగా. కానీ నాలుగు నెలలు పట్టింది. బ్రాంచి, ఆ పైన ఆఫీసు, ఆఖరికి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టాం. బ్యాంకుకి రాసి 30 రోజులు దాటినా జవాబు రాకపోతే అక్కడ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. మేం గెలిచింది ఒక్క కారణంతో: ఆ మూడు రోజులూ ఆయన ఉపాధి హామీ పనిలో ఉన్నట్టు మస్టర్‌లో హాజరు పడింది. డబ్బు తీసింది వేరే రాష్ట్రంలో.

నెల్లూరు_మొలగొలుకులు

నాకు ఈ ఏఈపీఎస్ సంగతి నిజంగా తెలియదు. వదిలెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మా నాన్నదీ ఇప్పుడే చూస్తా.

చార్మినార్_చాయ్

భయపెట్టడం కొంచెం తగ్గించండి. ఆధార్ సంస్థ 2023లోనే నకిలీ వేలు పట్టే ఏర్పాటు తెచ్చింది, వేలి గీతలతో పాటు వేలి బొమ్మను కూడా పోల్చి చూస్తది. రబ్బరు ముద్ర ముందంత తేలిక కాదు. ఇంకోటి, ఆధార్ సర్వర్ నుంచి డేటా పోయిందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. అన్నింటికీ ఆధార్‌ని తిట్టడం ఫ్యాషన్ అయింది.

నల్లరేగడి

చాయ్ అన్నా, ఆధార్ సర్వర్ పోయిందని ఇక్కడ ఎవరన్నరు? నీ ఇంటి తాళం గట్టిదే. నీ తాళంచెవి నకళ్లు యాభై ఆఫీసుల్లో మేకులకు వేలాడుతున్నయి, అదీ మా బాధ. 2017 మే నెలలో బెంగళూరులోని సీఐఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల నివేదిక చూడు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేటట్టు ఉన్నయని రాసిండ్రు. ఆ నాలుగులో రెండు మన ఆంధ్రావే, ఒకటి చంద్రన్న బీమా, ఇంకోటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది. మళ్లీ 2018లో ఆంధ్రా గృహనిర్మాణ సంస్థ సైట్‌లో లక్ష మందికి పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు కులం, మతం వారీగా వెతికేటట్టు కనిపించినయి. హ్యాకర్ అవసరమే రాలే.

చార్మినార్_చాయ్

అది ఒప్పుకుంటా. శాఖల దగ్గర జాగ్రత్త లేదన్నది నిజమే.

వర్జీనియా_వంకాయ

అమెరికాలో 2015లో ఓపీఎం అని, ఫెడరల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే సంస్థలో ఇలాగే అయింది. నేనప్పటికి ఇక్కడికి రాలేదు, కానీ ఇప్పుడు ప్రభుత్వ కాంట్రాక్టు పనిలో ఉన్నాను కాబట్టి ఆ కథ ఆఫీసులో ఇప్పటికీ చెబుతారు. సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం జనం నింపిన ఫారాలు పోయాయి, 2 కోట్ల 15 లక్షల మందివి. ఆ ఫారంలో మన అప్పులు, మానసిక చికిత్స, విదేశాల్లో ఉన్న బంధువులు, పొరుగువాళ్ల పేర్లు అన్నీ రాయాలి. వేలిముద్రలే 56 లక్షల మందివి. సంస్థ డైరెక్టరు ఆ జులైలోనే రాజీనామా చేశారు. బాధితులకి ఇంటికి ఉత్తరాలు వచ్చాయి, ఉచితంగా క్రెడిట్ మానిటరింగ్ ఇచ్చారు, తర్వాత పార్లమెంటు దాన్ని 2026 దాకా పొడిగించింది. 2022లో కోర్టులో 6 కోట్ల 30 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు.

ఇక్కడ అంతా బాగుందని కాదు నా ఉద్దేశం. పోయిన వేలిముద్ర ఇక్కడా పోయినట్టే. కానీ "మీ వివరాలు పోయాయి" అని ఉత్తరం రావడం ఉంది చూశారూ, పిల్ల గారికి ఇప్పుడు కావలసింది అదొక్కటే. ఆ ఒక్క కాగితం లేక ఆవిడ మూడు రోజులుగా నిద్రపోలేదు.

గోదారిగట్టు_పిల్ల

నా మనసులో మాట చెప్పారు. ఉందో లేదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గేది.

వేపపుల్ల

టెలిగ్రామ్‌లో బాట్ ఒకటి తిరుగుతోందట, ఫోన్ నంబరు కొడితే ఆ లీకులో మన వివరాలున్నాయో లేదో చూపిస్తుంది. లింకు దొరికితే పెడతా.

కౌంటర్_నెం_3

పెట్టకు నాయనా. దయచేసి.

నెట్‌వర్క్_నాగలి

వేపపుల్లా, ఆ బాట్‌కి నంబరు ఇచ్చామంటే "ఈ నంబరు వాడకంలో ఉంది, మనిషి భయపడుతున్నాడు" అని వాళ్లకి మనమే చెప్పినట్టు. ఇంకొకరి నంబరు కొట్టి చూడటం అయితే మరీ తప్పు. 2023 జూన్‌లో కోవిన్ వివరాలు ఇలాగే టెలిగ్రామ్ బాట్‌లో వచ్చాయి, ఫోన్ నంబరు ఇస్తే పేరు, ఆధార్ లేదా పాస్‌పోర్టు నంబరు, టీకా వేయించుకున్న చోటు కనిపించేవి. ఆ రోజు మా ఆఫీసులో అందరూ సరదాకి ఒకరి నంబరు ఒకరు కొట్టి చూసుకున్నారు. ఒకమ్మాయి తన పుట్టిన సంవత్సరం అందరి ముందూ తెర మీద పడితే లేచి వెళ్లిపోయింది. ప్రభుత్వం ముందు ఆ వార్తకి ఆధారం లేదంది, తర్వాత అదే నెలలో బిహార్‌లో అరెస్టు జరిగింది.

ఇంట్లో కూర్చుని చేసేవి రెండున్నాయి. మైఆధార్ పోర్టల్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ చూడండి, గత ఆరు నెలల్లో అమ్మగారి ఆధార్ ఎక్కడెక్కడ, దేనితో వాడారో వస్తుంది, విఫలమైనవి కూడా. రిజిస్టరైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ ఫోన్ దగ్గరుండాలి. రెండోది సంచార్ సాథీ పోర్టల్, అమ్మగారి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. మనవి కానివి ఉంటే అక్కడే "నాది కాదు" అని పెట్టొచ్చు. ఈ సిమ్‌ల లెక్క చూసే ఏర్పాటు 2021లో మొదట పెట్టింది మన రెండు రాష్ట్రాల సర్కిల్‌లోనే.

వేపపుల్ల

సరే సరే, పెట్టను. ఆ కోణంలో ఆలోచించలేదు. సంచార్ సాథీలో ఇప్పుడే చూశా, నా పేరు మీద నాలుగు ఉన్నాయి. నేను వాడేవి రెండే!

నెట్‌వర్క్_నాగలి

ముందు ఇంట్లో అడుగు. చెల్లికో, తాతకో నీ పేరు మీద ఎప్పుడైనా తీసిచ్చావేమో. కాకపోతే వెంటనే రిపోర్టు చెయ్యి.

వేపపుల్ల

ఒకటి తాతది. రెండోది ఎవరిదో తెలియదు. రిపోర్టు చేశా.

నల్లకోటు_గుంటూరు

చట్టం సంగతి అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే ఆఫీసువాళ్లు "పైనుంచి సమాచారం లేదు" అంటే మనం ఊరుకుంటున్నాం.

ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు గానీ అది కంపెనీలకి వర్తించేలా రాసింది, ప్రభుత్వ శాఖ మీద దానితో వెళ్లడం కష్టం. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లో శాఖ వాళ్లకి తెలపాలి. వాళ్లకి, మనకి కాదు. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే మొదటిసారి, వివరాలు పోయిన మనిషికి కూడా చెప్పి తీరాలని రాశారు. భద్రత సరిగా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ ఈ ముఖ్యమైన నిబంధనలకి 18 నెలల గడువు ఇచ్చారు. పైగా ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకి పోతుంది, బాధితుడికి కాదు. కేంద్రం తను నోటిఫై చేసిన సంస్థలకి మొత్తం మినహాయింపే ఇచ్చుకోవచ్చు. ఇది తప్పని నేను గట్టిగా నమ్ముతాను. పౌరుడు తన వివరాలు ఇష్టపడి ఇచ్చిన చోట ఒక చట్టం, ఇవ్వక తప్పని చోట ఇంకో చట్టమా? బ్యాంకు నచ్చకపోతే మారొచ్చు. రేషన్ ఆఫీసు మారలేం.

అయినా చేతిలో ఉన్నది వాడాలి. పిల్ల గారూ, ఆ సంస్థకి ఆర్‌టీఐ పెట్టండి. మూడే అడగండి: ఘటన ఏ తేదీన తెలిసింది, సెర్ట్‌ఇన్‌కి ఏ తేదీన తెలిపారు, నా తల్లి దరఖాస్తు ఫలానా నంబరు అందులో ఉందా. ఆంధ్రాలో గ్రామ స్థాయికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలతో చెప్పింది. అవసరమైతే హైకోర్టులో రిట్‌కి ఈ ఆర్‌టీఐ జవాబే ఆధారం అవుతుంది.

చార్మినార్_చాయ్

ఆర్‌టీఐకి జవాబు ఇస్తారంటారా? భద్రత కారణాలు అని తిప్పి పంపుతారు.

నల్లకోటు_గుంటూరు

తిప్పి పంపినా అది కాగితం మీద ఉంటుంది. ఫోన్‌లో "తెలియదండీ" అన్నదానికి ఏ ఆధారమూ ఉండదు.

మల్లెపందిరి

ఇందాకటి నుంచి అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. తప్పని కాదు. కానీ ఒక్క నిమిషం ఇటు చూడండి.

2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ వివరాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. సుమారు రెండు లక్షల మందివి. జూన్‌లో ఒక విద్యార్థిని పట్టుకున్నారు, పోలీసులు వేగంగానే పనిచేశారు. అయితే ఆ యాప్‌ని ఎవరు వాడతారో ఆలోచించండి. రాత్రి ఆటో ఎక్కేటప్పుడు ఆ ప్రయాణం వివరాలు పెట్టే ఆడపిల్లలు. వెంటపడేవాడి మీద ఫిర్యాదు పెట్టేవాళ్లు. ఆపదలో బటన్ నొక్కేవాళ్లు.

నేను మహిళల సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌ని. భర్త నుంచి పారిపోయి వేరే ఊళ్లో అద్దెకున్న అమ్మాయి ఎక్కడ దరఖాస్తు పెట్టుకున్నా కొత్త చిరునామా రాయాలి, రేషన్ కార్డుకీ, పిల్ల స్కూలుకీ. ఆ చిరునామా బయటపడితే ఆర్‌బీఐ సర్క్యులర్ ఏం చేస్తుంది? పది పని దినాల్లో ఏం వెనక్కిస్తారు? మా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చెప్పేది, అలాంటి అనుమానం రాగానే ముందు 181కి గానీ 112కి గానీ చెప్పండి, స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి, ఇంటి యజమానికి ఒక మాట చెప్పి పెట్టండి. ఇంతకన్నా మా చేతుల్లో ఏమీ లేదు. అందుకే కోపం వస్తుంది.

వర్జీనియా_వంకాయ

ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సచివాలయం_మెట్లు

మల్లెపందిరి గారూ, మా ఆఫీసులో లబ్ధిదారుల జాబితా గోడకి అంటించేటప్పుడు ఫోన్ నంబర్లు కొట్టేసి పెట్టమని నేను గొడవ పెట్టుకున్నాను. "పారదర్శకత" అన్నారు. పేరు ఉంటే పారదర్శకత సరిపోతుంది, ఫోన్ నంబరు ఎవరికోసం? రేపటి నుంచి నా పరిధిలో ఫోన్, చిరునామా రెండూ తీసేస్తా. అడిగితే మీ మాట చెబుతా.

దోసకాయ_పప్పు

నాది చిన్న విషయం. అప్పుల సంగతి ఎవరూ అనలేదు. మా తమ్ముడి పాన్, ఆధార్‌తో ఒక లోన్ యాప్‌లో ఎవరో 38 వేలు తీసుకున్నారు. వాడికి హౌస్ లోన్ రిజెక్టయితేనే తెలిసింది. మనకి నాలుగు క్రెడిట్ సంస్థలున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అన్నీ ఒకేసారి తీయకుండా మూడు నెలలకి ఒకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. తప్పు కనపడి ఫిర్యాదు పెడితే 30 రోజుల్లో సరిచెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయలు మనకివ్వాలి. మా తమ్ముడికి 1,900 వచ్చాయి, దాంతో ఇంట్లో అందరికీ బిర్యానీ తెప్పించాడు.

వర్జీనియా_వంకాయ

అమెరికాలో క్రెడిట్ ఫ్రీజ్ ఉంది, 2018 నుంచి పూర్తిగా ఉచితం. మన పేరు మీద కొత్త అప్పు పుట్టదు. ఇండియాలో అలాంటిది జనానికి అందుబాటులోకి రావాలి.

కౌంటర్_నెం_3

అవును, అది చాలా అవసరం. అంతవరకూ పప్పు గారి పద్ధతే. ఇంకొకటి, ఎవరికి ఆధార్ ఇవ్వాల్సి వచ్చినా మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనపడతాయి. కాపీ మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఆ తర్వాతే చుట్టాలకి ఫోన్లు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పరిగెత్తుతూ ఉంటుంది, ఎంత త్వరగా చెబితే అంత మధ్యలో ఆపగలరు.

గోదారిగట్టు_పిల్ల

శనివారం ఊరెళ్లి వచ్చాను. ఏం జరిగిందో చెబుతాను.

ఆథెంటికేషన్ హిస్టరీ చూశాను. మేము చేసినవన్నీ గుర్తుపట్టగలిగాం, పింఛనువి, రేషనువి. ఒక్కటి తప్ప. ఫోన్ వచ్చిన ముందు రోజు, అంటే సోమవారం మధ్యాహ్నం, వేలిముద్రతో ప్రయత్నం, విఫలం. ఆ సమయంలో అమ్మ మిరప చేలో ఉంది. పక్కనే ఇంకో పాతికమంది ఉన్నారు. అది చూసి నాకు చేతులు చల్లబడిపోయాయి. వేలు పనిచేయకపోయేసరికి ఓటీపీ కోసం ఫోన్ చేశారని నాకు అనిపిస్తోంది.

ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి చెప్పాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. బ్యాంకుకి వెళ్లాం. మేనేజర్ మంచావిడ, పావుగంటలో ఏఈపీఎస్ ఆపించారు. కౌంటర్ గారు చెప్పినట్టే, అక్కడి కుర్రాడు "ఆధార్ లింకు తీసెయ్యమంటారా" అని అడిగాడు! వద్దని గట్టిగా చెప్పాను. ఆర్‌టీఐ పోస్టులో పంపాను, నల్లకోటు గారి మూడు ప్రశ్నలే. నాది నేను బయోమెట్రిక్ లాక్ చేసుకున్నాను, అమ్మది చెయ్యలేదు.

అమ్మకి అంతా అర్థమయ్యాక ఒకటే అడిగింది. "మరి సంఘంలో మిగతావాళ్లకి ఎవరు చెబుతారే?" వాళ్లందరూ ఒకే రోజు, ఒకే క్యాంపులో అదే దరఖాస్తు పెట్టారు. రేపు సాయంత్రం డ్వాక్రా మీటింగు ఉంది, పదిమంది వస్తారు. బ్యాంకుకి ఇచ్చిన ఉత్తరం ప్రింట్లు తీసుకెళ్తున్నాను. కావలసినవాళ్లు వాడుకోండి:

"అయ్యా, మీ బ్రాంచిలో నా పొదుపు ఖాతా నంబరు ........ . ఈ ఖాతా నుంచి ఆధార్, వేలిముద్రల ద్వారా డబ్బు తీసే ఏఈపీఎస్ సౌకర్యం నాకు అవసరం లేదు. దానిని వెంటనే నిలిపివేయగలరు. ఖాతాకి ఉన్న ఆధార్ అనుసంధానాన్ని మాత్రం తొలగించవద్దు, ప్రభుత్వ పథకాల జమ యథాతథంగా కొనసాగాలి. నిలిపివేసిన తేదీ, సమయం ఈ ఉత్తరం నకలు మీద రాసి, ముద్ర వేసి ఇప్పించగలరు."

సచివాలయం_మెట్లు

బాగుంది. ఒక్క జాగ్రత్త. మీ సంఘంలో ఉపాధి కూలి డబ్బు ఊళ్లో మిషన్ దగ్గరే వేలు పెట్టి తీసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు ఇది ఇస్తే ఆ మిషన్ పనిచేయదు, ప్రతిసారీ బ్రాంచికి పోవాలి. ఒక్కొక్కరినీ అడిగి ఇవ్వండి, అందరి చేతా ఒకేసారి సంతకాలు పెట్టించకండి.

గోదారిగట్టు_పిల్ల

అవునండీ, అలాంటివాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల పాస్‌బుక్కులు వారం వారం ఎంట్రీ వేయించే పని అమ్మ ఒప్పుకుంది.

కౌంటర్_నెం_3

ప్రింట్లు ఒక్కొక్కరికి రెండేసి తీయమ్మా. ఒకటి బ్యాంకుకి, ఒకటి ముద్ర వేయించుకుని ఇంటికి. అమ్మ కళ్లజోడు కూడా పట్టుకెళ్లమను.